కొలత తెరిచిన కన్ను: కాలేయ కణంలో కాల్షియం సంకేతాలు



ఈ ఉపన్యాసం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో హార్వర్డు చేరి, 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూసిన ఆ శాస్త్రవేత్తను మనం సాధారణంగా మందుల పేర్లతో స్మరిస్తాం. ఆయన నాయకత్వంలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధక బృందం కాలేయం నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసింది, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని 1945లో ప్రకటించింది. ఆ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరుతో బాధపడే పిల్లలకు వాడి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కి తగ్గుతుందని 1948లో చూపాడు. బోదకాలుకు నేటికీ వాడే డైఇథైల్‌కార్బమజీన్ కూడా ఆ బృందం ఇచ్చినదే. ఇవన్నీ తరచూ చెప్పుకునే విషయాలు. నేను ఈరోజు ఆయన జీవితంలో వీటన్నిటికీ ముందున్న ఒక చిన్న పనిని ఆధారం చేసుకుని మాట్లాడతాను. ఆ పని ఒక కొలత.

నా అంశం, ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాల్లో కాల్షియం సంకేతాలు, ఆ సంకేతాలను పుట్టించే గ్రాహకాల, అంటే హార్మోన్ల వంటి కబుర్లను అందుకునే ప్రొటీన్ల, స్పందన. వినడానికి ఇది కొద్దిమంది నిపుణులకు సంబంధించిన ఇరుకైన విషయంలా ఉంటుంది. కానీ గత నూట నలభై ఏళ్లలో ఈ రంగం నడిచిన దారిని చూస్తే జీవశాస్త్రం మొత్తానికి వర్తించే ఒక సత్యం కనబడుతుంది. కణం తన పరిసరాలకు ఎలా బదులిస్తుందన్న ప్రశ్నకు మనం ఇచ్చిన ప్రతి సమాధానమూ అప్పటికి మన చేతిలో ఉన్న కొలత పద్ధతి హద్దుల్లోనే పుట్టింది. పద్ధతి మారినప్పుడల్లా కణం మనకు కొత్తగా కనిపించింది. నేటి సభలో నేను నిలబెట్టదలచిన ప్రతిపాదన ఇదే.

భాస్వరంతో మొదలు

1925లో సైరస్ ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే వర్ణమాపన పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది. ఒక క్షయకరణి తోడైతే ఆ ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఇంతే. అయితే కండరం నుంచి తీసిన రసాన్ని పరీక్షించినప్పుడు నీలం రావలసినంత వేగంగా రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. ఇంకొకరైతే దాన్ని పద్ధతిలోని లోపమని పక్కన పెట్టి ఉండేవారు. ఫిస్క్, సుబ్బారావులు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఆమ్లానికి తేలికగా విరిగిపోయే భాస్వర సమ్మేళనం ఒకటి ఉందని, అది విరిగే కొద్దీ ఫాస్ఫేటు బయటపడి రంగు పెరుగుతోందని గ్రహించారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగులోకి వచ్చింది. రెండేళ్లకు, 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావులు ఎవరికి వారుగా అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అంటే నేడు బడిపిల్లలకు కూడా తెలిసిన ఏటీపీని, కండరంలో గుర్తించారు.

ఈ పద్ధతి ప్రభావం కండరంతో ఆగిపోలేదు. గ్లైకోజన్‌ను విరిచే ఫాస్ఫోరిలేజ్ ఎంజైము చురుకుదనం కొలవడానికైనా, కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్ల లెక్క తేల్చడానికైనా దశాబ్దాల తరబడి జీవరసాయన ప్రయోగశాలలు ఇదే పద్ధతిని గానీ, దీని సవరించిన రూపాలను గానీ వాడాయి. కాలేయ కణంలో కాల్షియం కథ నడిచింది సరిగ్గా ఈ రెండు అంశాల మీదుగానే: ఒకవైపు ఫాస్ఫోరిలేజ్, మరోవైపు కణత్వచపు ఫాస్ఫోలిపిడ్లు. పైగా, సుబ్బారావు కణం లోపలి శక్తి నిధిగా చూసిన ఏటీపీ, ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకు కణాల మధ్య తిరిగే సంకేతంగా కూడా తేలింది. ఆ సంకేతాన్ని అందుకుని కాల్షియాన్ని కదిలించే కణాల్లో కాలేయ కణం ముఖ్యమైనది.

పిలవకుండా వచ్చిన కాల్షియం

కాల్షియం జీవకణానికి సంకేతమని మొదట తెలిసింది పొరపాటుగా వాడిన నీటి వల్ల. 1880ల తొలినాళ్లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకునేలా ఉంచాడు. స్వేదనజలంతో చేశామనుకున్న ఆ ద్రావణం నిజానికి నగరానికి సరఫరా అయ్యే కొళాయి నీటితో తయారైంది. స్వేదనజలంతో మళ్లీ చేసినప్పుడు గుండె ఆగిపోయింది. కొళాయి నీటిలో ఉండి స్వేదనజలంలో లేని వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, 1883లో ఆయన కాల్షియం పాత్రను ప్రకటించాడు.

డెబ్బై ఏళ్ల తర్వాత ఇలాంటిదే సియాటిల్‌లో జరిగింది. 1950ల మధ్యలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలోని ఫాస్ఫోరిలేజ్ నిద్రాణ రూపం నుంచి చురుకైన రూపానికి ఎలా మారుతుందో వెతుకుతున్నారు. కండర రసాన్ని వడపోత కాగితం గుండా పంపితే చురుకైన రూపం వస్తోంది, పంపకపోతే రావడం లేదు. కాగితంలో జాడమాత్రంగా ఉన్న కాల్షియమే దానికి కారణం. ఆ మార్పు తెచ్చే ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ అనే ఎంజైముకు కాల్షియం కావాలని, ఆ ఎంజైము ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తెచ్చి ఫాస్ఫోరిలేజ్‌కు తగిలిస్తుందని తర్వాత స్పష్టమైంది. ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలించి దాని పని మార్చడం జీవకణాల సామాన్య నియమమని చూపినందుకు 1992లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ రెండు సందర్భాల్లోనూ కాల్షియం ఎవరూ కలపకుండానే ద్రావణంలోకి చేరింది. దాన్ని పట్టుకున్నది కొలతలో తేడాను వదిలిపెట్టని శ్రద్ధ. కండరంలో నీలం రంగు ఆలస్యాన్ని వెంబడించింది కూడా ఆ శ్రద్ధే.

కాలేయం ప్రయోగశాలగా మారడం

హార్మోన్ల చర్యను అర్థం చేసుకోవడానికి శాస్త్రం మళ్లీ మళ్లీ కాలేయాన్నే ఆశ్రయించడం యాదృచ్ఛికం కాదు. కాలేయంలో చక్కెర పుడుతుందని క్లాడ్ బెర్నార్డ్ పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చూపాడు. రక్తమంతా కడిగేసిన కాలేయాన్ని కొంతకాలం ఉంచి చూస్తే అందులో మళ్లీ చక్కెర కనిపించింది. ఆ చక్కెరకు మూలమైన గ్లైకోజన్‌ను ఆయన 1857లో వేరుచేశాడు. అంటే కాలేయం ఇచ్చే బదులును గ్లూకోజు రూపంలో కొలవవచ్చు. హార్మోను వేసి, చక్కెర ఎంత వచ్చిందో చూడవచ్చు.

ఎర్ల్ సదర్లాండ్ ఈ దారినే 1950లలో లోతుగా తవ్వాడు. అడ్రినలిన్, గ్లూకగాన్ కాలేయంలో ఫాస్ఫోరిలేజ్‌ను చురుకు చేస్తాయని చూపి, ఆ తర్వాత కణాన్ని నలగ్గొట్టి, హార్మోను కణత్వచ శకలాల దగ్గర ఒక చిన్న అణువును పుట్టిస్తుందని, ఆ అణువే లోపలి ఎంజైముకు కబురు చేరవేస్తుందని నిరూపించాడు. అది సైక్లిక్ ఏఎంపీ, ఏటీపీ నుంచే తయారయ్యే ద్వితీయ దూత. 1971లో ఆయనకు నోబెల్ దక్కింది. ఆ తర్వాత మార్టిన్ రాడ్‌బెల్ ఎలుక కాలేయ కణత్వచాల మీద గ్లూకగాన్‌తో చేసిన పని, గ్రాహకానికీ ఎంజైముకూ మధ్య జీ ప్రొటీన్లనే వారధి ఉందన్న అవగాహనకు పునాది వేసింది.

సైక్లిక్ ఏఎంపీ విజయం ఎంత ఘనమైనదంటే, కాలేయంలో హార్మోన్ల చర్య అంతా దానితోనే వివరించవచ్చన్న నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకాన్ని ప్రశ్నించిన ఆధారాలు కూడా కాలేయం నుంచే వచ్చాయి. సుబ్బారావు మరణించిన 1948లోనే అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు తరగతులుగా ఉన్నాయని ప్రతిపాదించాడు. సైక్లిక్ ఏఎంపీని పెంచేది బీటా తరగతి. కానీ 1970లలో పలు బృందాలు ప్రయోగాలు చేసేసరికి, ఎదిగిన మగ ఎలుక కాలేయంలో అడ్రినలిన్ ముఖ్యంగా ఆల్ఫా గ్రాహకాల ద్వారానే గ్లైకోజన్‌ను కరిగిస్తోందని తేలింది. అప్పుడు సైక్లిక్ ఏఎంపీలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్ హార్మోన్ల విషయమూ అంతే. కణాల చుట్టూ కాల్షియం తీసేస్తే వీటి ప్రభావం తగ్గుతోంది. ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌కు కాల్షియం అవసరమని అప్పటికే తెలుసు కాబట్టి రెండో దూత కాల్షియమేనన్న ఊహ బలపడింది. ఊహను రుజువు చేయాలంటే కణంలోపలి కాల్షియాన్ని కొలవాలి. అందుకు ముందుగా కణం చేతికి రావాలి.

కణాన్ని విడదీసిన పద్ధతి

1969లో మైకేల్ బెర్రీ, డేనియల్ ఫ్రెండ్ ఎలుక కాలేయం గుండా కొలాజినేజ్ ఎంజైమును ప్రవహింపజేసి, బతికున్న కాలేయ కణాలను పెద్ద సంఖ్యలో విడదీసే పద్ధతిని ప్రచురించారు. నార్వేలో పెర్ సెగ్లెన్ దాన్ని రెండు దశలుగా స్థిరపరిచాడు. మొదట కాల్షియం లేని ద్రావణాన్ని పంపితే కణాల మధ్య అతుకులు సడలుతాయి. ఆ తర్వాత కాల్షియంతో కూడిన కొలాజినేజ్ ద్రావణం, కణాలను పట్టి ఉంచే కొలాజెన్‌ను కరిగిస్తుంది. కణానికీ కణానికీ మధ్య బంధాన్ని నిలిపేది బయటి కాల్షియం. కణం లోపల సంకేతంగా తిరిగేది కూడా అదే. కాలేయ కణాల అధ్యయనం మొదటి దానిని తీసివేయడంతోనే ఆరంభమవుతుంది.

ఇలా దొరికిన కణాలను ద్రావణంలో తేలియాడించి కొన్ని గంటలు వాడవచ్చు. కొలాజెన్ పూసిన పళ్లెంలో అంటించి రోజుల తరబడి పెంచవచ్చు. నరాల ప్రమేయం లేదు, రక్తప్రవాహం లేదు, ఇతర అవయవాల హార్మోన్లు లేవు. ఏ హార్మోను ఎంత గాఢతలో తగలాలో పరిశోధకుడే నిర్ణయిస్తాడు. గ్రాహకాల శాస్త్రానికి ఇది గొప్ప వరం. ఈ వరానికి చెల్లించిన మూల్యం గురించి తర్వాత చెబుతాను.

భాస్వరం మళ్లీ దారి చూపడం

ఈలోగా వేరే దిక్కు నుంచి ఒక ఆధారం వచ్చింది. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు క్లోమం ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే కణత్వచ ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక భాస్వరం వేగంగా చేరుతోందని గమనించారు. దీని అర్థం రెండు దశాబ్దాల పాటు తేలలేదు. 1975లో బర్మింగ్‌హామ్‌కు చెందిన రాబర్ట్ మిచెల్ చెదురుమదురుగా ఉన్న ఫలితాలన్నిటినీ ఒకచోట పేర్చి, ఇనాసిటాల్ కలిగిన ఫాస్ఫోలిపిడ్లను విరిచే గ్రాహకాలూ, కణంలో కాల్షియాన్ని పెంచే గ్రాహకాలూ ఒకటేనని, మొదటి మార్పే రెండో దానికి దారితీస్తుందని వాదించాడు. వాసోప్రెసిన్ తగిలిన కాలేయ కణాల్లో రెండు అదనపు ఫాస్ఫేట్లున్న ఇనాసిటాల్ లిపిడ్ సెకన్లలో తరిగిపోవడం 1980ల తొలినాళ్లలో కనిపించింది.

1983లో మైకేల్ బెర్రిడ్జ్, రాబిన్ ఇర్విన్ జర్మనీ సహచరులతో కలిసి ఈ గొలుసులో తప్పిపోయిన లంకెను పట్టుకున్నారు. ఆ లిపిడ్ విరిగితే నీటిలో కరిగే ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేటు వస్తుంది. పొరకు చిల్లులు చేసిన క్లోమ కణాల్లో దాన్ని వేయగానే లోపలి నిల్వ నుంచి కాల్షియం బయటికి వచ్చింది. ఏడాది తిరగకముందే కాలేయ కణాల్లోనూ అది రుజువైంది. అప్పటిదాకా ఆ నిల్వ మైటోకాండ్రియాదేనని చాలామంది నమ్మారు. అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌దని తేలింది.

ఇప్పుడు గొలుసు పూర్తిగా చెప్పుకోవచ్చు. ఆల్ఫా-1 అడ్రినలిన్ గ్రాహకం, వాసోప్రెసిన్ వీ1ఏ గ్రాహకం, యాంజియోటెన్సిన్ గ్రాహకం, ఏటీపీని గుర్తించే పీ2వై గ్రాహకాలు, ఇవన్నీ కాలేయ కణం ఉపరితలంలో ఉంటాయి. హార్మోను తగిలితే జీక్యూ అనే జీ ప్రొటీను మేలుకొని ఫాస్ఫోలిపేజ్-సీ ఎంజైమును పురికొల్పుతుంది. అది త్వచ లిపిడ్‌ను విరిచి ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేటును విడుదల చేస్తుంది. రెటిక్యులమ్ మీది గ్రాహకం దాన్ని అందుకొని కాల్షియం ద్వారం తెరుస్తుంది. కణం వెలుపల కాల్షియం ఒక మిల్లీమోలార్‌కు కాస్త పైన ఉంటే, విశ్రాంతిలో ఉన్న కణద్రవ్యంలో సుమారు నూరు నానోమోలార్, అంటే పదివేల రెట్లు తక్కువ. అంత నిశ్చలత నేపథ్యంగా ఉన్నందువల్లే చిన్న విడుదల కూడా స్పష్టమైన సంకేతమవుతుంది.

సగటు దాచిన లయ

కణంలోపలి కాల్షియాన్ని నేరుగా చూడడానికి రెండు సాధనాలు వచ్చాయి. ఒకటి ప్రకృతి ఇచ్చింది: 1962లో ఒసాము షిమొమురా జెల్లీచేప నుంచి వేరుచేసిన ఈక్వోరిన్, కాల్షియం తగిలితే వెలుగు చిమ్మే ప్రొటీను. రెండోది రసాయనజ్ఞుడు కట్టింది: రోజర్ త్సియెన్ 1980లలో రూపొందించిన క్విన్-2, 1985లో ప్రచురించిన ఫ్యూరా-2 రంజకాలు. ఎస్టరు రూపంలో ఇస్తే అవి కణత్వచాన్ని దాటి లోపలికి వెళతాయి, అక్కడి ఎంజైములు ఎస్టరును కోసేస్తే లోపలే చిక్కుకుని కాల్షియాన్ని చూపుతాయి.

క్విన్-2 నింపిన లక్షలాది కాలేయ కణాలకు వాసోప్రెసిన్ ఇచ్చినప్పుడు కాల్షియం చప్పున పెరిగి, నెమ్మదిగా దిగింది. రేఖ నున్నగా ఉంది. హార్మోను ఎక్కువైతే రేఖ ఎత్తు పెరిగింది. సంకేతం అర్థం దాని పరిమాణంలోనే ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

1986లో లివర్‌పూల్‌లో నీల్ వుడ్స్, రాయ్ కత్‌బర్ట్‌సన్, పీటర్ కాబల్డ్ మరింత కష్టమైన పనికి పూనుకున్నారు. ఒక్క ఎలుక కాలేయ కణంలోకి సన్నని గాజు సూదితో ఈక్వోరిన్ ఎక్కించి, ఆ ఒక్క కణం చిమ్మే అతి మందమైన వెలుగును లెక్కించారు. నేచర్‌లో అచ్చయిన ఆ ఫలితం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. హార్మోను తగులుతున్నంతసేపూ కాల్షియం నిలకడగా పెరిగి ఉండదు. కొన్ని సెకన్ల పాటు పోటెత్తి, తగ్గి, కాస్త విరామం తర్వాత మళ్లీ పోటెత్తుతుంది. హార్మోను గాఢత పెరిగితే పోటు ఎత్తు దాదాపు మారదు, పోట్ల మధ్య ఎడమే తగ్గుతుంది. కణం హార్మోను మోతాదును ఎత్తుగా కాక లయగా నమోదు చేస్తోంది.

దూరం నుంచి వింటే తిరునాళ్ల జనం చప్పట్లు ఒకే హోరులా వినిపిస్తాయి. ఆ హోరులో ఏ ఒక్కరి తాళమూ తెలియదు. లక్షల కణాల నుంచి తీసిన నున్నని రేఖ అలాంటి హోరు. ఒక్కో కణం తనదైన సమయంలో మొదలై తనదైన ఎడంతో స్పందిస్తుంటే, సగటు ఆ తేడాలన్నిటినీ చెరిపేసింది. రేఖ అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు బదులివ్వలేదంతే.

లివర్‌పూల్ బృందం ఇంకో సంగతీ గమనించింది. ఒకే కణానికి ఆల్ఫా గ్రాహకాన్ని ప్రేరేపించే ఫినైలెఫ్రిన్ ఇచ్చినప్పుడు వచ్చే పోట్లు పొట్టివి. వాసోప్రెసిన్ ఇస్తే అవి ఆలస్యంగా తగ్గుతాయి. 1990లో ఏటీపీ, ఏడీపీలతో పరీక్షిస్తే వాటి పోట్ల ఆకారాల్లోనూ తేడా కనబడింది, దానితో కాలేయ కణం మీద ఈ అణువులకు ఒకటికి మించి గ్రాహకాలున్నాయన్న నిర్ధారణకు వచ్చారు. అన్ని గ్రాహకాలూ చివరికి ఒకే కాల్షియాన్ని కదిలిస్తాయి, అయినా ఏ గ్రాహకం కదిలించిందో ఆ గురుతు పోటు ఆకారంలో మిగులుతుంది.

లయ ఎలా పుడుతుందన్న దానికి వివరణ క్రమంగా వచ్చింది. ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేటు గ్రాహకానికి కాల్షియం తానే మొదట తోడ్పడుతుంది, గాఢత మించితే తానే అడ్డుకుంటుంది. తెరుచుకున్న ద్వారం అలా మూసుకుంటుంది. రెటిక్యులమ్‌లోని పంపులు ఏటీపీ ఖర్చుచేసి కాల్షియాన్ని తిరిగి లోపలికి తోడుతాయి. నిల్వ నిండాక మరో పోటుకు రంగం సిద్ధమవుతుంది. నిల్వ అడుగంటితే ఆ వార్త కణత్వచానికి ఎలా అందుతుందన్న ప్రశ్నకు 2005లో స్టిమ్, 2006లో ఓరై ప్రొటీన్లు జవాబిచ్చాయి.

లయను చదివేవారు, పొరుగున వినేవారు

పోట్లు ఎందుకు? కాల్షియం ఎక్కువసేపు ఎక్కువగా ఉంటే కణానికి ప్రమాదం. విడివిడి పోట్లుగా పంపితే ఆ ప్రమాదం లేకుండానే సంకేతాన్ని గంటల తరబడి నడపవచ్చు. పైగా కణంలో ఒక్కో భాగం ఆ లయను ఒక్కో విధంగా చదువుతుంది. 1995లో ఫిలడెల్ఫియాలో జార్జి హైనోట్స్కీ, ఆండ్రూ థామస్, వారి సహచరులు కాలేయ కణాల మీద చేసిన పని దీనికి మంచి నిదర్శనం. కణద్రవ్యంలోని ప్రతి పోటూ మైటోకాండ్రియాలోకి చేరి అక్కడి డీహైడ్రోజినేజ్ ఎంజైములను చురుకు చేస్తుంది. పోట్లు తగినంత దగ్గర దగ్గరగా వస్తే ఆ చురుకు నిలకడ అవుతుంది. కాల్షియాన్ని నెమ్మదిగా, కొంతమేరకే పెంచితే మైటోకాండ్రియా అంతగా పట్టించుకోదు. గ్లైకోజన్‌ను కరిగించమన్న ఆదేశమే శక్తి ఉత్పత్తిని కూడా పెంచమంటోందన్నమాట. మైటోకాండ్రియాలోకి కాల్షియాన్ని చేర్చే ద్వారపు ప్రొటీనును 2011లో వంశీ మూతా బృందం అమెరికాలో, రోసారియో రిజుటో బృందం ఇటలీలో విడివిడిగా గుర్తించాయి.

అవయవంలో కణం ఒంటరి కాదు. కాలేయ కణాలు కనెక్సిన్ ప్రొటీన్లతో ఏర్పడిన సంధుల ద్వారా పొరుగు కణాలతో కలిసి ఉంటాయి. రెండు మూడు కణాలు విడిపోకుండా మిగిలిన గుంపుల్లోనూ, రక్తనాళం ద్వారా ద్రావణం ప్రవహింపజేసిన పూర్తి కాలేయంలోనూ చూసినప్పుడు కాల్షియం పోటు ఒక కణం నుంచి మరో కణానికి క్రమంగా వ్యాపిస్తూ కనిపించింది. ఎలుక కాలేయ లఘులంబికలో, అంటే కాలేయంలోని చిన్న నిర్మాణ ఘటకంలో, వాసోప్రెసిన్ గ్రాహకాలు కేంద్ర సిర దగ్గరి కణాల్లో ఎక్కువ. అందువల్ల అల అక్కడ మొదలై కాలేయ నిర్వాహక సిర వైపు సాగుతుంది. ఏ కణానికి ఎన్ని గ్రాహకాలున్నాయన్నదే ఆ కణజాలంలో వరుసను నిర్ణయిస్తోంది.

పళ్లెంలోని కణం మనకు ఏం చెబుతోంది?

ఇందాక వాయిదా వేసిన మూల్యం సంగతికి వస్తాను. ఇన్ని సత్యాలు చెప్పిన వర్ధిత కణం, అంటే పళ్లెంలో పెంచిన కణం, తానూ మారుతూ ఉంటుంది. ఎలుక కాలేయం నుంచి అప్పుడే తీసిన కణాలు అడ్రినలిన్‌కు ముఖ్యంగా ఆల్ఫా-1 గ్రాహకాల ద్వారా, కాల్షియంతో స్పందిస్తాయని చెప్పాను. అవే కణాలను పళ్లెంలో పెంచితే కొన్ని గంటల్లోనే బీటా స్పందన పైకి వస్తుంది. సైక్లిక్ ఏఎంపీ మార్గం బలపడుతుంది. అదే హార్మోను, అదే జంతువు నుంచి వచ్చిన కణం. జవాబు మాత్రం వేరు. కాలేయంలో కొంత భాగం కోసి తీసేశాక మిగిలింది పెరిగే దశలోనూ ఇలాంటి మార్పు కనిపించడం ఆలోచింపజేస్తుంది. పళ్లెంలో కణం పాడైపోవడం లేదు. గాయపడిన కాలేయంలో ఉన్నట్టుగా ప్రవర్తిస్తోంది.

రోజులు గడిచేకొద్దీ కాలేయానికే ప్రత్యేకమైన జన్యువుల పని మందగిస్తుంది, కొన్ని గ్రాహకాలు తగ్గుతాయి, పైత్యరస నాళికల అమరిక చెదురుతుంది. రెండు కొలాజెన్ పొరల మధ్య కణాలను ఉంచి పెంచితే ఈ క్షయం చాలావరకు ఆగుతుందని 1989లో తేలింది. కణితి నుంచి పుట్టి, 1979 నుంచి ప్రపంచమంతా వాడుతున్న హెప్-జీ2 కణవంశం సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అది ఎప్పుడూ దొరుకుతుంది, ఎక్కడైనా పెరుగుతుంది. కానీ దాని గ్రాహకాల పట్టిక మామూలు కాలేయ కణం పట్టికతో సరితూగదు. ఎలుకకూ మనిషికీ కూడా తేడా ఉంది: మనిషి కాలేయ కణాల్లో అడ్రినలిన్‌కు బీటా మార్గం గణనీయమైన పాత్ర పోషిస్తుంది. హార్మోనుకు కాలేయ కణం ఎలా స్పందిస్తుందని ఎవరైనా అడిగితే, ఏ జాతి, విడదీసి ఎన్ని గంటలైంది, ఏ పళ్లెం అని తిరిగి అడగవలసి ఉంటుంది. వర్ధిత కణం కూడా ఒక కొలత సాధనమే. త్రాసును సరిచూసినట్టే దాన్నీ సరిచూడాలి.

రోగశయ్య దాకా

ఈ సంకేతాలను సరిగా చదవడం వైద్యానికి ఎందుకు అవసరమో రెండు ఉదాహరణలు చెబుతాను. కాలేయ కణంలో పైత్యరస నాళిక వైపున్న అంచులో ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేటు గ్రాహకం రెండో రకం గుమికూడి ఉంటుంది. కాల్షియం పోటు అక్కడ మొదలై పైత్యరస స్రావానికి తోడ్పడుతుంది. పైత్యం నిలిచిపోయే వ్యాధుల్లో ఈ ఏర్పాటు దెబ్బతినడాన్ని పరిశోధకులు చూపారు. రెండోది స్థూలకాయం. కొవ్వు పేరుకున్న ఎలుకల కాలేయంలో కాల్షియాన్ని రెటిక్యులమ్‌లోకి తోడే పంపు మందగిస్తుందని, దాన్ని సరిచేస్తే చక్కెర నియంత్రణ మెరుగవుతుందని 2010 ప్రాంతంలో వెలువడిన అధ్యయనాలు చెప్పాయి. ఒకప్పుడు సైక్లిక్ ఏఎంపీకి మాత్రమే చెందినదనుకున్న గ్లూకగాన్ కూడా ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేటు గ్రాహకాన్ని ప్రభావితం చేసి, కాల్షియం ద్వారా కొత్త గ్లూకోజు తయారీని ప్రేరేపిస్తుందని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. వేర్వేరనుకున్న రెండు మార్గాలు అలా ఒకచోట కలిశాయి.

ఏటీపీ విషయమూ ఇక్కడే చెప్పాలి. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ఏటీపీ నరాల నుంచి వెలువడే సంకేతమని వాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. కణానికి ప్రాణాధారమైన శక్తి నిధిని కణం వెలుపలికి ఎందుకు వదులుకుంటుందన్నది వారి ప్రశ్న. 1990లలో ఏటీపీ గ్రాహకాల జన్యువులు దొరికాక ఆ సందేహం తీరింది. కాలేయంలో కొంత భాగం తొలగించగానే ఏటీపీ కణాల వెలుపలికి వచ్చి, మిగిలిన కణాలకు తిరిగి పెరగమన్న తొలి కబుర్లలో ఒకటవుతుందని ఇప్పుడు తెలుసు. కండరంలో భాస్వరం లెక్క చూస్తూ పట్టుకున్న అణువు కాలేయ పునరుత్పత్తిలో ఇలాంటి పాత్ర పోషిస్తుందని 1929లో ఎవరూ ఊహించి ఉండరు.

ముగింపు

రింగర్ నీరు, ఫిషర్, క్రెబ్స్‌ల వడపోత కాగితం, బెర్రీ, ఫ్రెండ్‌ల కొలాజినేజ్, త్సియెన్ రంజకం, కాబల్డ్ గాజు సూది: ఈ చరిత్రలో మలుపులన్నీ వీటి చుట్టూ తిరిగాయి. సిద్ధాంతాలు వీటి వెంట నడిచాయి. పద్ధతి ఒకరు కనిపెట్టాలి, మరొకరు దాన్ని నిజాయితీగా వాడాలి, దానికి అందనిదేమిటో ఇంకొకరు అడగాలి. ఈ మూడింటిలో దేన్ని తక్కువచేసినా విజ్ఞానం కుంటుపడుతుంది.

మన విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు నా విన్నపం ఇది. కొత్త అణువును కనుగొన్నవారికి ఇచ్చే గౌరవాన్ని కొత్త పద్ధతిని రూపొందించినవారికీ ఇవ్వండి. దానికి నిధులు, ఉద్యోగాలు, పదోన్నతులలో చోటు కల్పించండి. పరిశోధక విద్యార్థులకు యంత్రం మీట నొక్కడంతో పాటు ఆ యంత్రం దేన్ని చూడలేదో కూడా నేర్పండి. విద్యార్థులారా, మీ కణాలు ఏ జంతువువి, ఎన్ని గంటలు పెరిగాయి, ఏ గ్రాహకాలున్నట్టు సరిచూశారు అన్నవి మీ వ్యాసంలో మొదటి పుటలోనే రాయండి. సగటు రేఖ పక్కన ఒక్కో కణం రేఖను కూడా అచ్చువేయండి. పద్ధతి ఆశించినట్టు నడవని రోజున నమోదు పుస్తకంలో ఆ పుటను చింపకండి. మీ పని నిజంగా మొదలయ్యేది అక్కడి నుంచే కావచ్చు.